శెట్టిగారు అడిగిన వడ

ఆత్మకూరు బస్టాండు దగ్గరి టిఫిన్ బండ్లకు పప్పులు సుందరరామయ్య కొట్టు నుంచే వెళ్తాయి. మినప్పప్పు, పుట్నాలపప్పు, వేరుశనగ గుళ్ళు, నూనె డబ్బాలు. ఉదయగిరిలో కొన్ని బండ్లకు కూడా ఆయనే సరుకు పంపుతాడు. ఏ బండివాడు ఏ నెలలో ఎంత పప్పు వాడతాడో అడిగితే చెప్పగలడు. ఆ పప్పుతో వాళ్ళు చేసేది ఎలా ఉంటుందో మాత్రం చెప్పలేడు. ఇంతవరకు ఏ బండి దగ్గరా నిలబడి తిన్నది లేదు. తినకూడదని ఎవరూ చెప్పలేదు. పొద్దున ఇంట్లో తిని కొట్టుకు వస్తాడు, మధ్యాహ్నం ఇంటికి వెళ్ళి తింటాడు. అవసరం పడలేదు, అంతే.

ఆ అవసరం కోడలు శ్రీదివ్య వల్ల పడింది.

శ్రీదివ్య పుట్టిల్లు బద్వేలు. పెళ్ళయ్యాక కొన్నాళ్ళు కొట్టులో బిల్లులు చూసింది. ఆ పని భర్త నాగార్జున ఫోన్లోనే చేసుకోవడం మొదలుపెట్టాక ఇంట్లో ఉండిపోయింది. ఇంట్లో వంట ఆమెదే. కలిగిరిలో శీనయ్య అనే ఆయన తన టిఫిన్ వ్యాను అమ్ముతున్నాడని విని, భర్తతో వెళ్ళి చూసి వచ్చింది. చిన్న ట్రక్కు. వెనక స్టవ్వు, సింకు, పక్కకు తెరుచుకునే రేకు తలుపు ఉన్నాయి. మోకాళ్ళు సహకరించక శీనయ్య పని మానేశాడు. ఆషాఢంలో ఎవరూ బండి కొనరు కాబట్టి శ్రావణం దాకా ఆగుతానన్నాడు. జలదంకి నుంచి ఒకరు చూసి వెళ్ళారనీ, శ్రావణ మాసం మొదటి శుక్రవారం ఎవరు ముందొస్తే వ్యాను వాళ్ళదేననీ చెప్పాడు.

ఇంట్లో ఆమె చెప్పిన కారణం చిన్నది. ఇంట్లోవాళ్ళు తన వంట బాగుందంటారు. ఇంటికొచ్చిన చుట్టాలూ బాగుందంటారు. అనక ఏం చేస్తారు? ముఖం తెలియని మనిషి డబ్బిచ్చి తిని మళ్ళీ వస్తాడా రాడా అన్నది ఆమెకు తెలియాలి.

నాగార్జున సరేనన్నాడు. సుందరరామయ్య సరే అనలేదు, వద్దనీ అనలేదు. కోడలు రోడ్డు మీద నిలబడి వండితే నలుగురూ ఏమనుకుంటారని భార్య ఆదిలక్ష్మమ్మ అడిగితే, తను కొట్టులో కూర్చునేది కూడా రోడ్డు మీదేనన్నాడు. ఆయన అభ్యంతరం వేరే. వాళ్ళ నాయన కాలం నుంచి ఆ కొట్టుకు ఒక పద్ధతి ఉంది. మన దగ్గర సరుకు కొనేవాడు ఏది అమ్ముకుంటాడో అది మనం అమ్మకూడదు. మిఠాయి కొట్లకు చక్కెర వేసినన్నాళ్ళూ వాళ్ళ నాయన మిఠాయి కొట్టు పెట్టలేదు. పెట్టమని బావమరిది ఇంటికొచ్చి కూర్చున్నా వినలేదు. ఇప్పుడు కోడలు దోసెలు పోస్తే దోసెల బండ్లవాళ్ళు ఈ గడప ఎందుకు తొక్కుతారు?

"వాళ్ళు అమ్మనిది ఏదన్నా ఉంటే చెప్పు," అన్నాడు. "అది నువ్వు అమ్ముకో. వ్యాను తెచ్చుకో."

శ్రీదివ్య వెంటనే అలసంద వడ అంది. బద్వేల్లో సాయంత్రమైతే ఏ బండి దగ్గర చూసినా అదే. నానబెట్టిన అలసందలు నీళ్ళు పోయకుండా బరకగా రుబ్బి, అల్లం, పచ్చిమిరప, ఉల్లిగడ్డ కలిపి వేస్తారు. ఇక్కడి బండ్ల మీద శనగపప్పు వడే తప్ప అలసంద వడ ఆమె చూడలేదు.

"చూడలేదా, లేదా?" అని సుందరరామయ్య అడిగాడు.

అన్ని బండ్లూ చూడలేదని ఆమె ఒప్పుకుంది. అయితే చూసి వద్దామని ఆయనే అన్నాడు. తిరుగుతారు కాబట్టి తనకూ ఏదన్నా కట్టించుకు రమ్మని ఆదిలక్ష్మమ్మ చెప్పింది.

మొదట వెళ్ళింది బస్టాండు ఎదురుగా పెంచలప్రసాద్ బండికి. శెట్టిగారు కొట్టు వదిలి సాయంత్రం పూట తన దగ్గరికి రావడం చూసి పెంచలప్రసాద్ గరిటె కింద పెట్టాడు. తినడానికి వచ్చారని తెలిశాక ప్లేట్లు రెండుసార్లు కడిగాడు. కారం దోసె పోశాడు. దోసె మీద ఎర్రకారం రాసి, దాని మీద పుట్నాలపప్పు పొడి చల్లి, మడిచి ఇచ్చాడు.

సుందరరామయ్య మొదటి ముక్క నోట్లో పెట్టుకుని ఆగాడు. పుట్నాలపప్పు తనదే. దాని వాసన ఆయనకు సంచిలో తెలుసు, పెనం మీద తెలియదు. ఎర్రకారంలో వెల్లుల్లి పచ్చిదా, వేయించిందా అని అడిగాడు. సగం పచ్చిది, సగం వేయించిందని పెంచలప్రసాద్ చెప్పాడు. అలా ఎందుకని ఆయన మళ్ళీ అడిగాడు. అంతా పచ్చిదైతే రెండో పూటకు కారం చేదెక్కుతుందట. ఆయన తల ఊపి రెండో దోసె పోయించుకున్నాడు. తిన్నాక, వచ్చిన పని గుర్తొచ్చి, అలసంద వడ వేస్తావా అని అడిగాడు. లేదన్నాడు పెంచలప్రసాద్. ఎప్పుడన్నా వేశావా? లేదు. ఎవరన్నా అడిగారా? ఇంతవరకు లేదు.

ఇంటికి నడుస్తూ శ్రీదివ్య ఒక సంగతి చెప్పింది.

"మనకి నెయ్యి పోసినాడు మామయ్యా. పక్కన తినేవాళ్ళకి నూనె."

ఆ రోజు నుంచి ఏ బండి దగ్గరా ఆమె తన ప్లేటు మాత్రమే చూడలేదు. పక్కవాళ్ళ ప్లేటులో ఏం మిగులుతోందో కూడా చూసింది. చట్నీ మిగులుతోంది. సాంబారు మిగలడం లేదు.

ఆ వారం కొట్టు సాయంత్రం నాగార్జున మీద పడింది. మామా కోడళ్ళు బజ్జీల బండ్లు చూశారు, పానీపూరీ బండి చూశారు, నెల్లూరు రోడ్డులో ఇడ్లీ బండి చూశారు. మిరపకాయ బజ్జీలో వాము వేసిన బండికీ చింతపండు పెట్టిన బండికీ తేడా ఏమిటని సుందరరామయ్య ఇంటికొచ్చి భార్యతో మాట్లాడాడు. ఆమె రెండూ తెప్పించుకుని తిని, చింతపండుదే బాగుందని చెప్పింది. ప్రతి బండి దగ్గరా తినడం అయ్యాక ఆయన అదే ప్రశ్న అడిగాడు. అలసంద వడ వేస్తారా? వేస్తే అమ్ముడుపోతుందా? ఎందుకు వేయడం లేదు? సరుకు కొనేటప్పుడు మిల్లువాళ్ళను అడిగినట్టే, ఒకటికి రెండుసార్లు అడిగాడు.

కాలేజీ దగ్గర జోయల్‌ది వ్యాను. నూడుల్స్, ఫ్రైడ్ రైస్, చికెన్ పకోడి. అక్కడ ఆయన తినలేదు. పెనం ఒకటేనని జోయల్ ముందే చెప్పాడు. అయినా నిలబడి చూశాడు, వ్యానులో నీళ్ళ ట్యాంకు ఎక్కడుందో అడిగాడు, చివర అలసంద వడ గురించి అడిగాడు. జోయల్ నవ్వి, ఆ పేరుతో వడ ఉంటుందని ఇప్పుడే విన్నానన్నాడు.

ఆదివారం బస్సెక్కి ఉదయగిరి వెళ్ళారు. అక్కడ ఓబులమ్మ బండి మీద పులిబొంగరాలు. పులిసిన దోసెల పిండిని గుంటల పెనంలో పోసి, చీపురుపుల్లంత ఇనుప కడ్డీతో తిప్పుతుంది. ఓబులమ్మకు సుందరరామయ్య పేరు తెలుసు, మనిషి తెలియదు. పిండి ఎన్నాళ్ళు పులిసిందని ఆయన అడిగితే, తినేవాడివా, తనిఖీకి వచ్చినవాడివా అని అడిగింది. పేరు చెప్పాక కొంగుతో బల్ల తుడిచింది. ఆమె కూడా అలసంద వడ వేయడం లేదు. వాళ్ళ అవ్వ వేసేదట. బండి మీద వేయాలని ఎప్పుడూ తోచలేదంది.

తిరిగొచ్చే బస్సులో సుందరరామయ్య చెప్పాడు.

"ఎవరూ వెయ్యడంలా. తెచ్చుకో."

శ్రీదివ్య బస్సులోనే శీనయ్యకు ఫోన్ చేసి శుక్రవారం వస్తామని చెప్పింది.

మధ్యలో కొన్ని రోజులున్నాయి. ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం మామగారికి మజ్జిగ తీసుకుని ఆమె కొట్టుకు వెళ్ళింది. నాగార్జున మిల్లు బ్రోకరుతో ఫోన్లో అలసందలు అడుగుతున్నాడు. కొట్టులో అలసందల బస్తా మామూలుగా ఒకటి విప్పితే దసరా దాకా ఉంటుంది. వ్రతాలకూ, గుగ్గిళ్ళకూ తప్ప ఎవరూ కొనరు. ఇప్పుడు విప్పిన బస్తా అయిపోయింది. లోపల ఉన్న రెండోది కూడా సగానికి వచ్చింది. సుందరరామయ్య సంతోషంగా ఉన్నాడు. ఈ కాలంలో అలసందలకు గిరాకీ రావడం తను చూడలేదని, ఇంకా రెండు బస్తాలు ఎక్కువ చెప్పమని కొడుకుతో అంటున్నాడు.

ఎవరు కొన్నారని శ్రీదివ్య అడిగింది.

నాగార్జున వేళ్ళు మడిచాడు. పెంచలప్రసాద్. బజ్జీల బండివాళ్ళు. ఇడ్లీ బండామె. జోయల్ మనిషిని పంపించాడు. ఉదయగిరి సరుకులో ఓబులమ్మ తనకూ వేయమంది.

సుందరరామయ్య మజ్జిగ గ్లాసు బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకున్నాడు. శ్రీదివ్య వెంట నడిచింది.

పెంచలప్రసాద్ బండి మీద, దోసెల పెనం పక్కన కొత్త బాణలి ఉంది. పళ్ళెంలో వడలున్నాయి. ఒక అట్టముక్క మీద సున్నంతో 'అలసంద వడ' అని రాసి పెట్టాడు.

"ఇది ఎప్పటి నుంచి?" అన్నాడు సుందరరామయ్య.

"మీరు అడిగిన మూడో రోజు నుంచే."

"నేను ఉందా అని అడిగినాను. వెయ్యమన్నానా?"

"మీరు ఊరికే అడుగుతారా శెట్టిగారూ? వేస్తే పోతాదా, ఎందుకు వెయ్యవు అని నిలబెట్టి అడిగినారు. ఏదో గిరాకీ ఉండబట్టే అడిగినారనుకున్నాం. పోతా ఉండాది గూడా."

పక్కనే ఉన్న బజ్జీల బండామె కూడా ఇదే చెప్పింది. శెట్టిగారు పెంచలప్రసాద్‌ను అడిగారని ఆమెకు తెలిసింది. తనను కూడా అడిగేసరికి, ఆలస్యం చేస్తే వెనకబడతానని ఆ రాత్రే అలసందలు నానబోసింది. ధర పెరిగే సరుకు గురించే శెట్టి అడుగుతాడని ఆ రోడ్డులో అందరికీ నమ్మకం. నలభై ఏళ్ళ వ్యాపారంలో ఆయనే ఆ నమ్మకం కలిగించాడు.

సుందరరామయ్య కోడలి ముఖం చూడలేదు. ఆమె పళ్ళెం వైపు చూస్తోంది.

"రెండు ఇయ్యన్నా," అంది పెంచలప్రసాద్‌తో.

తుంచి చూసింది. మెత్తగా రుబ్బాడు, నీళ్ళు పోశాడు. నూనె పీల్చింది. అయినా పక్కన నిలబడ్డ ఇద్దరు తిన్నారు, ఒకడు ఇంకో రెండు కట్టించుకున్నాడు. వాళ్ళు ఏం అద్దుకుని తిన్నారో ఆమె చూసింది. చట్నీ ముట్టుకోలేదు. దోసెల ఎర్రకారం అడిగి వేయించుకున్నారు. బద్వేల్లో అలా ఎవరూ తినరు. ఆమె కూడా కొంచెం ఎర్రకారం అడిగింది.

ఆ సాయంత్రం ఆమె ఇంటికి పోదామనలేదు. ఇడ్లీ బండి దగ్గర వడలో మెంతాకు ఉంది. జోయల్ వ్యాను దగ్గరికి వెళ్తే అతను లోపలి నుంచి ఒక చిన్న బాణలి తీసి చూపించాడు. దానిలో చికెన్ పడలేదని, శెట్టిగారు మళ్ళీ వస్తారని వేరే నూనె పెట్టానని చెప్పాడు. అంత చెప్పాక సుందరరామయ్యకు తినక తప్పలేదు. జోయల్ వడను బన్ను మధ్య పెట్టి, పైన టమాటా సాసు పోసి ఇచ్చాడు. సుందరరామయ్య రెండు చేతులతో పట్టుకుని, ఏ వైపు నుంచి కొరకాలో తెలియక, చివరికి బన్ను తీసి పక్కన పెట్టి వడ తిన్నాడు. తర్వాత బన్ను తిన్నాడు. కాలేజీ పిల్లలు దీన్నే అడుగుతున్నారని జోయల్ చెప్పాడు.

మర్నాడు ఉదయగిరి నుంచి సరుకు ఆటో తిరిగొస్తూ ఓబులమ్మ పంపిన పొట్లం తెచ్చింది. ఆమె వడలు వేయలేదు. అలసందల పిండిని గుంటల పెనంలోనే పోసింది. నూనె తక్కువ, పైన కరకర, లోపల మెత్తన. శ్రీదివ్య ఒకటి తిని, ఇంకొకటి తుంచి లోపల చూసి, అత్తగారికి ఇచ్చింది. ఇది మన ఇంట్లో ఎందుకు చేయలేదని ఆదిలక్ష్మమ్మ కోడలిని అడిగింది.

నాగార్జున భార్యను ఓదార్చాలనుకున్నాడు. ఆమె ఏడుస్తుందనుకున్నాడు. గుంటల పెనం ఎక్కడ దొరుకుతుందని ఆమె అడిగింది.

ఏడవకపోయినా ఆమెకు లెక్క తెలుసు. శుక్రవారం దగ్గర పడింది. మామగారు పెట్టిన షరతు ప్రకారం వ్యాను ఇక రాదు. అలసంద వడ ఇప్పుడు ఆయన దగ్గర సరుకు కొనేవాళ్ళు అమ్ముకునే వస్తువు. ఆయన తెలియక చేశాడు కాబట్టి ఆయన్ని ఏమీ అనలేదు. శీనయ్యకు రానని చెప్పే ఫోన్ కూడా చేయలేదు.

ఆ ఫోన్ ఆమె చేయలేదని సుందరరామయ్య గమనించాడు. గురువారం పొద్దున, బండి ఇంకా తెరవకముందు, ఒక్కడే పెంచలప్రసాద్ దగ్గరికి వెళ్ళాడు. పెంచలప్రసాద్ పెనం తోముతున్నాడు. కోడలు వ్యాను పెట్టాలనుకుంటున్న సంగతి, తను అన్ని బండ్లూ తిరిగిన కారణం, కొట్టు పద్ధతి, అన్నీ చెప్పాడు. చెప్పి, నీకు అభ్యంతరం ఉంటే దాయకుండా చెప్పమన్నాడు.

పెంచలప్రసాద్ పెనం తోమడం ఆపలేదు. ఎన్నడూ రాని మనిషి కోడల్ని వెంటబెట్టుకుని వచ్చి, ఎర్రకారంలో వెల్లుల్లి గురించి అడిగినప్పుడే ఏదో ఉందనుకున్నానన్నాడు.

"ఆయమ్మ ఏం అమ్మితే మాకేంది శెట్టిగారూ? ఈ రోడ్డు పొడుగునా అందరం దోసెలే పోస్తాండాం. ఎవురన్నా కొట్లాడినామా? బండి యాడ నిలబెడతాదో అది చెప్పండి."

సుందరరామయ్యకు అర్థం కాలేదు. పెంచలప్రసాద్ గుడ్డతో రోడ్డు వైపు చూపించాడు. బజ్జీల బండికీ చెరుకురసం బండికీ మధ్య ఒక ఖాళీ ఉంది. అది ఇంకొకామె బండి చోటట. కూతురి కాన్పుకని వెళ్ళి ఇంకా రాలేదు. అక్కడ గీత లేదు, రాయి లేదు. అయినా ఎవరూ బండి పెట్టరు. ఆమె ఏడాది తర్వాత వచ్చినా ఆ చోటు ఆమెదే. నీ వడ నేను వేస్తే తప్పు లేదు, నీ చోటులో నేను నిలబడితే తప్పు. బస్టాండు నుంచి కాలేజీ దాకా చోట్లన్నీ ఎవరో ఒకరివే. ఉదయగిరిలోనూ అంతే.

సుందరరామయ్య ఇంటికొచ్చి ఆ మాటలు వరుసగా కోడలికి చెప్పాడు. వాళ్ళకు అభ్యంతరం లేదు, కానీ చోటు లేదు. చోటు లేని వ్యాను తెచ్చి ఇంటి ముందు పెట్టుకోలేం. తను సరేనని ఇప్పటికీ అనలేనని కూడా చెప్పాడు.

శ్రీదివ్య మర్రిపాడు రోడ్డు సంగతి చెప్పింది. పుట్టింటికి వెళ్ళే బస్సులోంచి ఆమె ఎప్పుడూ ఒకటి చూసేది. మర్రిపాడు దాటాక రోడ్డు పక్కన లారీలు ఆగి ఉంటాయి. డ్రైవర్లు లారీ నీడలో స్టవ్వు పెట్టుకుని వండుకుంటూ ఉంటారు. చుట్టుపక్కల టిఫిన్ బండి ఒక్కటి కూడా ఉండదు.

"వండుకునేవాళ్ళు కొంటారని ఎట్ట తెలుసు?" అన్నాడు సుందరరామయ్య.

"తెలీదు మామయ్యా. పోయి చూద్దాం."

అలసందలు ముందు రాత్రే నానబోసి ఉన్నాయి. ఇంట్లో తినడానికని నానబోసింది. వాటిని బరకగా రుబ్బి, వడలు వేసి, స్టీలు డబ్బాలో పెట్టింది. ఇంకో చిన్న డబ్బాలో ఎర్రకారం. బద్వేలు బస్సెక్కి, మర్రిపాడు దాటాక దిగారు. లారీలు నాలుగు ఆగి ఉన్నాయి. బస్సు దిగేటప్పుడు ఆమె మామగారికి ఒక మాట చెప్పింది.

"మీరు మాత్రం ఏం అడగబాకండి."

ఒక డ్రైవరు లారీ చక్రానికి ఆనుకుని స్టవ్వు మీద ఎసరు పెట్టుకుంటున్నాడు. నడివయసు మనిషి. శ్రీదివ్య డబ్బా మూత తీసి వడలు ఉన్నాయని చెప్పింది. ఎవరమ్మా మీరు, యాడి నుంచి అని అతను అడగలేదు. ఎంత అన్నాడు. ఆమె ధర అనుకుని రాలేదు. బస్టాండు దగ్గర పెంచలప్రసాద్ తీసుకునే ధరే చెప్పింది. అతను రెండు తీసుకుని, ఎర్రకారం అద్దుకుని, నిలబడే తిన్నాడు. నములుతూ ఎసరు వైపు చూశాడు.

"వడలో ఉప్పు తగ్గినాది," అన్నాడు.

తర్వాత స్టవ్వు ఆపేసి, ఇంకో నాలుగు తీసుకున్నాడు. పక్క లారీ అతన్ని కేకేశాడు. అతనూ వచ్చాడు. సుందరరామయ్య కొంచెం దూరంలో చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు. రెండుసార్లు నోరు తెరవబోయి మూసుకున్నాడు.

డబ్బా అడుగు కనిపించాక మొదటి డ్రైవరు చేతులు కడుక్కుంటూ, తను శనివారం ఇదే దారిన తిరిగొస్తానని, అప్పుడు ఉంటారా అని అడిగాడు.

శ్రీదివ్య మామగారి వైపు తిరిగింది.

"శనివారానికి కుదరదు," అన్నాడు సుందరరామయ్య డ్రైవరుతో. "వ్యాను ఇంకా కలిగిరిలో ఉండాది. రేపు పొద్దున పోయి తేవాల. కడగాల, పూజ చేయించాల. సోమవారం నుంచి ఉంటాది."

డ్రైవరు తల ఊపి, లారీ ఎక్కబోయి ఆగాడు. రోడ్డుకు ఏ పక్క పెడతారని అడిగాడు. లోడు బండితో ఇక్కడ మలుపు తిప్పుకోవడం కష్టమట. పోయేటప్పుడు లోడు ఉంటుంది, వచ్చేటప్పుడు ఉండదు.

శ్రీదివ్య రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళింది. అక్కడ నిలబడి, ఇవతలి పక్క లోడుతో వచ్చే లారీలు ఎక్కడ వేగం తగ్గిస్తున్నాయో చూడడం మొదలుపెట్టింది.